ఉత్త దస్కతేనా?

మా కోహీర్‌లో బ్యాంకు లోనుకు జమానతు ఉండుమంటే సొంత బామ్మర్ది కూడా ఫోనెత్తడు. అమెరికా వీసాకు జమానతు రాసిచ్చే ఐ-864 ఫారం అంతకన్నా గట్టిది.

భార్యను పిలిపించుకునే భర్త అక్కడి పేదరిక రేఖకు మామూలుగా 125 శాతం ఆదాయం చూపాలె. లేకుంటే జాయింట్ స్పాన్సర్ కావాలె. చుట్టమే కానక్కర్లేదు, 18 నిండి, అక్కడే ఉండే సిటిజనో గ్రీన్‌కార్డు ఉన్నోళ్లో అయితే చాలు. అయినా భర్త తన ఫారం తాను పెట్టాల్సిందే.

మా గల్లీల ఒకాయన బిడ్డ వీసా కోసం ఫోన్లో అల్లుని మేనమామను బతిమాలుతున్నడు: "బావా, ఉత్త దస్కతే గదా!"

ఉత్తదేం కాదు. పిల్ల సిటిజన్ అయ్యేదాకనో, 40 క్వార్టర్ల పని, అంటే దాదాపు పదేళ్లది, లెక్కకొచ్చేదాకనో ఆ బాధ్యత ఉంటది. విడాకులైనా తెగదు! పిల్ల సర్కారు సాయం తీసుకుంటే కొన్నిటికి పైసలు దస్కతు పెట్టినాయన్నే అడగొచ్చు.

"మరి మా జామతోట చూపిస్తే?" అన్నడు. ఆస్తి పిల్లదై, ఏడాదిలోపు నగదయ్యేదైతే చూపొచ్చు. భర్త సిటిజనైతే తక్కువపడ్డ ఆదాయానికి మూడింతలు, గ్రీన్‌కార్డైతే ఐదింతలు ఉండాలె. తోట పట్టా ఇంకా తాత పేరు మీదనే ఉందట.

ముంబైల వీసా ఇంటర్వ్యూ సంగతి తర్వాత, ముందుగాల ఆ మేనమామకు ఇదంతా విడమర్చి చెప్పుమన్న.