ఆషాఢంలో ఫిల్మ్ సిటీ

స్కూళ్ళకి సెలవులు ఇచ్చేదీ, మా వైపు మామిడి కోతలు ఊపందుకునేదీ ఒకేసారి. ఏప్రిల్ చివర్లో సెలవులు మొదలైతే మళ్ళీ జూన్ 12 దగ్గర బడులు తెరుస్తారు. బంగినపల్లి, రసాలు, కలెక్టర్ కాయ దాదాపు అన్నీ ఆ మధ్యలోనే చెట్టు దిగి నున్న మార్కెట్‌కి చేరాలి. మా ఊరు ఉంగుటూరులో వరి ఎక్కువ, మా తోట మాత్రం నూజివీడు వైపు ఉంది. అందుకే క్లాసులో అందరూ "సమ్మర్‌లో ఊటీ వెళ్ళాం, వండర్లా వెళ్ళాం" అని చెప్తుంటే, నేను ట్రేలు లెక్కపెట్టిన కథ చెప్పేవాణ్ణి. ఎవరికీ పెద్దగా నచ్చేది కాదు.

థీమ్ పార్కులకి సీజన్ అంటే జనానికి సెలవులు ఉన్నప్పుడు. మామిడి రైతుకి సీజన్ అంటే ఊపిరాడనప్పుడు. ఈ రెండూ ఒకటే కావడంతో మా ఇంట్లో వాళ్ళకి అన్‌సీజన్ టూర్ అనేది డబ్బులు మిగిల్చుకునే తెలివి కాదు, ఉన్న ఒకే ఒక్క దారి. జూలైలో కాయ అయిపోతుంది. తోటలో దున్నడం, ఎరువు వేయడం ఉంటాయి గానీ రెండు రోజులు ఇల్లు వదిలితే కొంపలు మునిగిపోవు. డిసెంబరులో పూత మొదలైతే మళ్ళీ మందులు, కాపలా, భయం.

పోయిన ఏడాది, అంటే 2025 జూలైలో, నాకు సెమిస్టర్ సెలవులు వచ్చాయి. చెల్లి టెన్త్‌లోకి వచ్చింది. టెన్త్ తర్వాత ఇంటర్ హాస్టల్‌కి వెళ్తే ఇంక అందరం కలిసి ఎక్కడికైనా వెళ్ళడం కష్టం. ఆ సంగతి మీకు చెప్పక్కర్లేదు, మనందరం అవే హాస్టళ్ళ నుంచి వచ్చాం. రామోజీ ఫిల్మ్ సిటీ చూడాలని చెల్లి ఎన్నాళ్ళనుంచో అడుగుతోంది. నాన్న ఒక అంకె చెప్పాడు: ₹15,000. అయిదుగురం. అంతకంటే రూపాయి ఎక్కువైనా కుదరదు, ప్లాన్ నువ్వే వేసుకో అన్నాడు. సీఎస్ఈ చదివే కొడుకుకి ఇంట్లో ఇచ్చే మొదటి ప్రాజెక్టు ఇలాగే ఉంటుంది కాబోలు.

ఎక్సెల్ షీట్ తెరిచాను. మొదటి కాలమ్ తేదీ. ఇక్కడ కంప్యూటర్ కంటే ఇంట్లో గోడకున్న పంచాంగం క్యాలెండరే ఎక్కువ పనికొచ్చింది. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు. పెళ్ళిళ్ళు లేకపోతే లాడ్జీల్లో రూములకి గిరాకీ తగ్గుతుంది. శ్రావణం రాగానే మళ్ళీ ముహూర్తాలు, మళ్ళీ రేట్లు. బట్టల షాపుల వాళ్ళు ఆషాఢం డిస్కౌంట్ అని బోర్డు పెట్టేది ఎందుకో, రూము రేటు తగ్గేదీ అందుకే. కానీ హైదరాబాద్‌లో ఆషాఢం అంటే బోనాలు కూడా. ఆదివారాలు రోడ్లు నిండిపోతాయి. కాబట్టి ఆషాఢం కావాలి, ఆదివారం వద్దు. బడులు తెరిచాక మంగళ, బుధవారాల్లో పార్కుల్లో జనం తక్కువ. మంగళవారం అనేసరికి నాన్నమ్మ "మంగళవారం ప్రయాణమేంట్రా?" అంది. "సోమవారం బయల్దేరతాం నాన్నమ్మా, మంగళవారం చూస్తాం అంతే" అన్నాక ఒప్పుకుంది. చెల్లికి రెండు రోజులు లీవు కావాలి. టెన్త్‌లో లీవా అని నాన్న కాసేపు గొణిగాడు. ప్రీఫైనల్స్ అప్పుడు అడగడం కంటే జూలైలో అడగడం నయం కదా అని చెల్లే వాదించి గెలిచింది.

రెండో కాలమ్ ప్రయాణం. రైలైతే రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. 2024 నవంబరు ముందు వరకూ అది 120 రోజులు ఉండేది. సీనియర్ సిటిజన్లకి ఇచ్చే రాయితీ 2020 మార్చిలో ఆపేశారు కాబట్టి నాన్నమ్మకీ మామూలు టికెట్టే. కానీ అసలు విషయం మ్యాప్‌లో ఉంది. విజయవాడ నుంచి హైవే మీద వెళ్తే హైదరాబాద్ కంటే ముందే ఫిల్మ్ సిటీ వస్తుంది. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర. ఆ తర్వాతే హయత్‌నగర్, వనస్థలిపురం, ఎల్.బి.నగర్. రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగితే ఊరంతా దాటి మళ్ళీ వెనక్కి రావాలి. బస్సే మంచిది అని తేలింది.

మూడో కాలమ్ దగ్గరే అసలు గొడవ. ఎక్కడ ఉండాలి?

థీమ్ పార్కులు మొదలైనప్పటి నుంచీ ఈ ప్రశ్న ఉంది. 1955లో అమెరికాలో డిస్నీలాండ్ తెరిచినప్పుడు దాని చుట్టూ వేరేవాళ్ళ మోటళ్ళు బోలెడు లేచాయి, ఆ డబ్బు వాళ్ళకి పోయింది. అందుకే ఫ్లోరిడాలో రెండో పార్కు కట్టేటప్పుడు డిస్నీ వాళ్ళు ముందే వేల ఎకరాలు కొనేసి, 1971లో తెరిచిన రోజే సొంత హోటళ్ళు పెట్టుకున్నారు. 1996లో రామోజీరావు కట్టిన ఫిల్మ్ సిటీలోనూ అంతే. 1,666 ఎకరాలు, ప్రపంచంలోనే అతి పెద్ద స్టూడియోగా గిన్నిస్ రికార్డు, లోపలే సితార, తార లాంటి హోటళ్ళు. లోపల ఉంటే పొద్దున్నే హాయిగా లేచి నడుచుకుంటూ వెళ్ళొచ్చు. ఆ హాయికి కూడా ధర ఉంటుంది, అది మా బడ్జెట్ దాటింది. టికెట్టే ఒక్కొక్కరికి వెయ్యి దాటింది. అయిదుగురికి ఇంచుమించు సగం బడ్జెట్ అక్కడే అయిపోయింది.

మిగిలినవి మూడు. ఒకటి, రాత్రి బస్సెక్కి తెల్లారి దిగి, చూసేసి, మళ్ళీ రాత్రి బస్సెక్కడం. రూము ఖర్చు లేదు. కానీ తెల్లవారుజామున నాలుగింటికి నాన్నమ్మని మోకాళ్ళ నొప్పితో హైవే పక్కన ఎక్కడ కూర్చోబెడతాం? కొట్టేశాను. రెండోది ఎల్.బి.నగర్ వైపు లాడ్జి. మూడోది కూకట్‌పల్లిలో అత్త వాళ్ళ ఇల్లు. అంటే నాన్న చెల్లెలు. షీట్‌లో ఆ వరసలో ఖర్చు దగ్గర 0 అని కొట్టాను. కంప్యూటర్ దృష్టిలో లెక్క అయిపోయింది, సున్నా కంటే తక్కువ ఏముంటుంది?

నాన్నకీ అదే ఇష్టం. "చెల్లెలు ఊళ్ళో ఉండగా లాడ్జిలో దిగామంటే అదేమనుకుంటుంది?" అన్నాడు. అది నిజమే, మన వాళ్ళల్లో అది చిన్న మాట కాదు. నాన్నమ్మకి కూతుర్ని చూడాలని ఉంది. అమ్మ కూడా "పడుకోడానికి రెండు వేలా? మీ అత్త వాళ్ళింట్లో చోటు లేదా?" అనే అంది.

అప్పుడు అమ్మని ఊరికే ఒక మాట అడిగాను. "అమ్మా, అత్త వాళ్ళింట్లో పొద్దున ఎన్నింటికి లేస్తావ్?"

"అయిదింటికి. ఇంకొకళ్ళ ఇంట్లో పొద్దెక్కేదాకా పడుకుంటామా?"

లేచి ఏం చేస్తావని అడగక్కర్లేదు. నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. ఆడపడుచు ఇంటికి వెళ్ళేటప్పుడు ఉత్త చేతులతో వెళ్ళకూడదు కాబట్టి ముందు రోజు అరిసెలో, కారప్పూసో. ఆవకాయ సీసా. ఒక చీర. అక్కడికెళ్ళాక "వదినా నువ్వు కూర్చో" అని అత్త అంటుంది, అమ్మ కూర్చోదు. కూరలు తరుగుతుంది, గిన్నెలు తోముతుంది, వచ్చే ముందు దుప్పట్లు మడతపెట్టి ఇల్లు ఊడుస్తుంది. అత్త మంచిది. తనూ ఆఫీసుకి వెళ్తుంది, డబుల్ బెడ్రూం ఫ్లాట్‌లో నలుగురుంటారు. మేం అయిదుగురం దిగితే తనూ నాలుగున్నరకే లేవాలి. అంటే ఆ సున్నా రూపాయల రాత్రిని ఇద్దరు ఆడవాళ్ళు తెల్లవారుజామున వంటింట్లో నిలబడి కడుతున్నారు. నా షీట్‌లో ఆ కాలమ్ లేదు కాబట్టి కనపడలేదు, అంతే.

ఇంకోటి. కోతల రెండు నెలలూ అమ్మ తోటకి క్యారేజీలు కడుతుంది, మధ్యలో పచ్చళ్ళు పెడుతుంది, సాయంత్రం లోడు లెక్క రాస్తుంది. తోటకి ఆషాఢంలో విశ్రాంతి ఉంది. వంటింటికి అన్‌సీజన్ లేదు. ఏడాదికో, అయిదేళ్ళకో ఒక్క టూర్ వెళ్ళి అక్కడా పొయ్యి దగ్గరే ఉంటే, అది మాకు టూర్, అమ్మకి డ్యూటీ మార్పు.

నాన్నతో ఇది నేరుగా చెప్తే వాదన అవుతుంది. అందుకే ముందు దూరం లెక్క చెప్పాను. కూకట్‌పల్లి నుంచి ఫిల్మ్ సిటీ అంటే ఊరికి ఈ చివర నుంచి ఆ చివర. మెట్రోలో ఎల్.బి.నగర్ దాకా, అక్కడి నుంచి మళ్ళీ బస్సు. తెలంగాణ బస్సుల్లో ఆడవాళ్ళకి ఫ్రీ అంటారు గానీ ఆధార్‌లో తెలంగాణ అడ్రస్ ఉండాలి, మన వాళ్ళకి టికెట్టే. రానూపోనూ అయిదుగురి ఖర్చు వేస్తే సున్నా కాస్తా దాదాపు వెయ్యి అయింది. తీసుకెళ్ళే చీర కలిపితే లాడ్జి ధర దాటింది. నాన్న షీట్ వంక చాలాసేపు చూశాడు. తర్వాత అమ్మ పొద్దున అయిదింటికి లేచే విషయం చెప్పాను. దానికేమీ అనలేదు. "మీ అత్తకి ఎవరు చెప్తారు?" అని మాత్రం అడిగాడు.

నేనే ఫోన్ చేశాను. అత్త ముందు "మా ఇల్లు ఇరుకయిందా రా?" అంది. ఒక నిమిషం తర్వాత తనే "సోమ, మంగళవారాలు నాకూ లీవు దొరకదులే" అంది. చివరికి ఒక షరతు పెట్టింది. తిరిగి వెళ్ళేటప్పుడు నాన్నమ్మని తన దగ్గర పదిరోజులు వదిలేయాలి. మంగళవారం సాయంత్రం ఆఫీసు నుంచి మెట్రోలో ఎల్.బి.నగర్ వచ్చి తనే తీసుకెళ్తుంది. ఈ ఐడియా నా షీట్‌లో లేదు. నాన్నమ్మకి కూతురు దొరికింది, మాకు తిరుగు ప్రయాణంలో ఒక టికెట్ మిగిలింది.

ఇక లాడ్జి ఎలా వెతకాలో, మీకు పనికొస్తుందని చెప్తున్నా. యాప్‌లో కనిపించే ధర ఇద్దరికి. అయిదుగురు అని కొట్టి చూడండి, అంకె మారిపోతుంది. చివర్లో పన్ను కలుస్తుంది. యాప్‌లో మూడు లాడ్జీలు ఎంచుకుని, నేరుగా వాళ్ళకే ఫోన్ చేయండి, అన్‌సీజన్‌లో బేరం కుదురుతుంది. అయిదు స్టార్ల రివ్యూలు, ఒక స్టార్ రివ్యూలు వదిలేసి మూడు స్టార్లవి చదవండి, నిజాలు అక్కడుంటాయి. లిఫ్ట్ ఉందా, పనిచేస్తుందా అని రెండూ అడగండి. పెద్దవాళ్ళుంటే వెస్ట్రన్ టాయిలెట్, వేడినీళ్ళు ఎన్నింటి దాకా వస్తాయి అనేవి అడగండి. అన్నిటికంటే ముఖ్యం చెకవుట్. మధ్యాహ్నం 12కి ఖాళీ చేయమనే చోటు కంటే, 24 గంటల చెకవుట్ ఉన్న లాడ్జి మనలాంటి వాళ్ళకి మేలు. రాత్రి ఏడున్నరకి దిగాం, మర్నాడు రాత్రి ఏడున్నర దాకా రూము మాదే. సామాను మోయక్కర్లేదు, పార్కు నుంచి వచ్చి స్నానం చేసి బస్సెక్కొచ్చు. నాలుగు మంచాల ఫ్యామిలీ రూము, ఒక పరుపు అదనం, ₹2,200కి కుదిరింది.

మంగళవారం పొద్దున నాన్న బయటికి వెళ్ళి ఇడ్లీలు కట్టించుకొచ్చాడు. ఏడుంపావు దాకా అమ్మ లేవలేదు. లేచాక టైమ్ చూసి కంగారుపడి "లేపలేదేం?" అంది. చెల్లి "ఎందుకు లేపాలి?" అంది. అమ్మ దగ్గర జవాబు లేదు. మంచం మీదే కూర్చుని ఇడ్లీ తింది.

ఫిల్మ్ సిటీలో జనం పల్చగా ఉన్నారు. మధ్యాహ్నం ఒక జల్లు పడింది, గొడుగులు తీసుకెళ్ళాం కాబట్టి సరిపోయింది. ఎర్ర బస్సుల్లో తిప్పారు. చెల్లి బాహుబలి సెట్ దగ్గర ఫోన్ మెమరీ నింపేసింది. రైల్వే స్టేషన్ సెట్‌లో నాన్నమ్మ బెంచీ మీద చేరి "ఇక్కడికి బండ్లు రావంటగా, మన తేలప్రోలు స్టేషనే నయం" అంది. సాయంత్రం అత్త వచ్చింది. అమ్మా అత్తా రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర నిలబడి అరగంట మాట్లాడుకున్నారు. ఇద్దరి చేతుల్లోనూ టీ గ్లాసు తప్ప ఏ పనీ లేదు. వాళ్ళిద్దరూ అలా నిలబడి కబుర్లు చెప్పుకోవడం నేను అంతకుముందు చూసిన గుర్తు లేదు.

మొత్తం ఖర్చు ₹14,640. మేం వచ్చిన నెలకి, ఆగస్టు 15న, మన దగ్గర స్త్రీశక్తి ఫ్రీ బస్సు వచ్చింది. ఉంగుటూరు నుంచి విజయవాడ దాకా ముగ్గురి టికెట్లు మిగిలేవని అమ్మ ఇప్పటికీ లెక్క చెప్తుంది.

ఈ ఏడాది అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి ఆషాఢం జూలై మధ్యలో మొదలై ఆగస్టు రెండో వారం దాకా ఉంటుంది. మీ ఇంట్లో ఎవరైనా టూర్ ప్లాన్ చేయమంటే తేదీలు అక్కడ వెతకండి. షీట్‌లో ఖర్చు పక్కన ఇంకో కాలమ్ పెట్టండి: అక్కడ పొద్దున ముందు ఎవరు లేస్తారు?