తాళ్లరేవులో ఒక పడవ గది

భిలాయిలోని కోహ్కా నివాసులమైన మేము ఇటీవల సకుటుంబంగా కాకినాడ సమీపంలోని కోరంగి, తాళ్లరేవులను సందర్శించాము. ఓడల నిర్మాణానికి పేరుగాంచిన కోరంగిని 1839 నాటి తుఫాను ధ్వంసం చేసింది. అయినను ఆ ప్రాంతమున వడ్రంగుల విద్య నిలిచింది.

తాళ్లరేవులో ఒక పడవ గదిలో చివికిన నేలబల్లలను మార్చుచుండగా చూచాము. ఉక్కు వేడికి సాగుతుంది. కలప తేమకు వెడల్పున ఉబ్బుతుంది. కనుకనే బల్లల నడుమ సన్నని సందు విడిచారు. అడుగుభాగం బాగా ఆరిన పిమ్మటనే తుప్పు పట్టని మరలతో వాటిని బిగించారు.

ఒక్క బల్లను మాత్రం బిగించలేదు. దానిని ఎత్తి చూచినగాని అడుగున చేరిన నీరు కనబడదు. నున్నని నేల క్రింద ఊట పెరిగితే ప్రాణాలకే ముప్పు. మన యంత్రాలకు తనిఖీ మూతలు అమర్చినదీ ఇందుకే. వాటిని తెరచి చూచుట మన విధి.