మిరపకాయల పట్టణమున ఒక ఉయ్యాల

గుంటూరునకు మిరపపంట దినములలో బోవువారికి ఊరు కనుపడకమునుపే దాని ఘాటు ఎదురువచ్చి పలుకరించును. గడచిన ఫాల్గుణమున మావారికి ఆ పట్టణమున పాఠశాలపని యొకటి తటస్థింపగా, మూడేండ్ల చిన్నవానిని వెంటబెట్టుకొని మేమును బయలుదేరితిమి.

అచ్చటి మిర్చి యార్డు ఆసియాఖండమునందెల్ల మిక్కిలి పెద్దదని ప్రసిద్ధి. పల్నాడు, ప్రకాశము, కర్నూలు సీమలనుండి లారీలు బారులుతీరి వచ్చుచుండును. ఒక్కొక్క టిక్కీ నలుబది కిలోలకు పైమాటే. దానిని హమాలీలు వీపునకెత్తుకొని పరుగువంటి నడకతో బోవుచుందురు. తేజ, బాడిగ, 334, 341 అని కాయల జాతులు. ఒకటి కారమునకు, మఱియొకటి రంగునకు పేరుపొందినది. మన వంటయింటి పోపులపెట్టెలోని నాలుగు ఎండుమిరపకాయల వెనుక ఇంత లోకమున్నదని అచ్చట నిలిచి చూచినగాని తెలియదు. మేము ముక్కునకు కొంగు అడ్డము పెట్టుకొని తుమ్ముచుండగా అచ్చటివారు నవ్వుచుండిరి.

ఊరివెలుపల శీతల గిడ్డంగుల చెంత రేకులషెడ్డులు గలవు. వానిలో స్త్రీలు వరుసలుగా కూర్చుండి తాలుకాయ లేఱుదురు, తొడిమలు తీయుదురు. కూలి కిలోల లెక్క. చేతులు మండును, కన్నులు నీరుగారును. ఒక షెడ్డు ప్రక్కనున్న వేపకొమ్మకు పాతచీరతో ఉయ్యాల గట్టియుండెను. అందులోని ఏడాదిపిల్ల దగ్గి యేడ్చినప్పుడెల్ల తల్లి చేతులు కడుగుకొని పరుగెత్తుచుండెను. లేచిన ప్రతిసారియు ఆమెకు కూలి తగ్గుచునే యున్నది. పైగా మేస్త్రీ, “పిల్లను పెట్టుకొని పనికెందుకు వస్తావే?” అని గద్దించెను.

“దీని తండ్రి యెక్కడమ్మా?” అని మేమడిగితిమి.

“యార్డులో బస్తాలు మోస్తాడమ్మా. ఆయనకు కూలెక్కువ. అయినా మొగోడు పిల్లనెట్టా చూస్తాడు?” అని ఆమె నవ్వెను.

కూలి యెక్కువైనవాడు పని మానరాదనుట న్యాయమే. ఒప్పుకొందము. కాని పొద్దుగ్రుంకిన పిమ్మట ఇరువురి పనియు ముగిసినదే గదా! అప్పుడును అతనిది టీకొట్టు బల్ల, ఆమెది పొయ్యియు ఉయ్యాలయు. యార్డులో ఏ గుమాస్తాయు ఆ హమాలీని, “ఇంట పిల్ల నెవరు చూచుచున్నారు?” అని అడిగియుండడు. బిడ్డ యిరువురిది, ప్రశ్న మాత్రము ఒక్కతెది.

ఆ దినముననే మఱియొక వింత. మా చిన్నవాడు నడువలేక మారాము చేయగా మావారు వానిని భుజమున కెత్తుకొనిరి. దారిలో ముగ్గురు నలుగురు, “అయ్యగారెంత ఓర్పుగలవారు!” అని మెచ్చుకొనిరి. అరగంట మోసినందుకు తండ్రికి బిరుదు. ఏడాదిగా మోయుచున్న తల్లికి చీవాట్లు.

ఈ తలంపు సామాన్యుల నోటనేకాదు, చట్టముల వ్రాతలోను గలదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము, స్త్రీలు 50 మందికి మించిన కర్మాగారమున ఆఱేండ్లలోపు బిడ్డలకొక గది యుండవలెనని విధించెను. 1976లో ఆ సంఖ్యను 30కి దింపిరి. అనగా 500 మంది తండ్రులున్నను, స్త్రీలు తగినంతమంది లేనిచో బిడ్డలకు గది యక్కఱలేదన్నమాట. 2017లో ప్రసూతి చట్టమును సవరించి, సెలవును 12 వారములనుండి 26 వారములకు పెంచిరి. పనివారు, స్త్రీలైనను పురుషులైనను, 50 మంది యున్నచోట శిశుగృహముండవలెననిరి. సంతోషమే. కాని దినమునకు నాలుగుమాఱులు పోయి బిడ్డను చూచు అనుమతి మాత్రము తల్లికే వ్రాసిరి. కేంద్రప్రభుత్వపు ఉద్యోగినులకు 2008లో బిడ్డల సంరక్షణకై ఉద్యోగకాలము మొత్తముమీద 730 దినముల సెలవిచ్చిరి. 2018లో పురుషునకును దానిని వర్తింపజేసిరి, ఏ పురుషునకు? భార్య తోడులేని యొంటివానికి. ఇంట ఇల్లాలున్నంతకాలము తండ్రికి బిడ్డతో పనిలేదని కాబోలు!

మన పురాణములు మాత్రమిట్లు చెప్పలేదు. పక్షులు కాపాడిన పసికందును కణ్వమహర్షి ఆశ్రమమునకు గొనివచ్చి శకుంతలయని పేరిడి పెంచెను. కుశలవులకు విద్యాబుద్ధులు నేర్పినది వాల్మీకి. జపహోమములకు మించిన తీరికలేని పనియేది? ఐనను, “పిల్లను పెట్టుకొని తపస్సెందుకు?” అని కణ్వుని గద్దించినవారు లేరు. శిశువును లాలించుట వారి పౌరుషమునకు లోపము కాలేదు.

సోదరీమణులారా! పొలమునకో, బడికో, కచ్చేరికో పోవు స్త్రీని చూచినప్పుడు, “పిల్లల నెవరికి విడిచివచ్చితివి?” అని ముందుగా నడుగువారము తఱచుగా మనమే. ఆ మాట తండ్రినికూడ అడుగుదము. లేదా యెవరినియు అడుగక, కాసేపు ఉయ్యాల నూపుదము. మన కొడుకులకు పదియేండ్లనాడే చెల్లెలి నెత్తుకొనుట, అన్నము గలిపి పెట్టుట నేర్పుదము. రేపు వారి యిండ్లకు వచ్చు కోడండ్రకు మనమీయదగిన సారె యిదియే.