అడవి కదిలొచ్చిన ప్రతిసారీ

షేక్‌స్పియర్ ‘మ్యాక్‌బెత్’లో ఓ జోస్యం ఉంది. బిర్నమ్ అడవి లేచి డన్సినేన్ కొండ మీదకి వచ్చేదాకా మ్యాక్‌బెత్‌కి ఓటమి లేదు. అడవెక్కడైనా నడుస్తుందా? ఆ ధీమాతోనే ఉంటాడు. తీరా చూస్తే శత్రుసైనికులు తామెంతమందో తెలియకుండా తలా ఓ కొమ్మ నరికి అడ్డం పెట్టుకుని వస్తారు. నాటకంలో అడవి కదిలిన సంగతి ఓ వార్తాహరుడు వచ్చి చెప్తాడు, అంతే. ఆ చిన్న ముక్కని సినిమావాళ్లు ఏం చేశారో ఈమధ్యే వరసపెట్టి చూశాను. మతిపోయింది!

ముందు అకిరా కురొసావా గురించి చెప్పాలి. 1957 నాటి ‘థ్రోన్ ఆఫ్ బ్లడ్’లో మ్యాక్‌బెత్ జపాన్ యోధుడు వాషిజు. రాత్రిపూట ఎక్కడో చెట్లు నరుకుతున్న చప్పుడు. అంతలో కోట లోపలికి పక్షులు గుంపుగా దూసుకొస్తాయి. గూళ్లు పోయిన పక్షులు! అడవి కంటే ముందే దాని కబురు వచ్చేసింది. ఆ తర్వాత పొగమంచులో చెట్లు ఊగుతూ, తేలుతున్నట్టు ముందుకొస్తాయి. వాటి వెనక మనుషులున్నారని తెలిసి కూడా నాకు ఒళ్లు జలదరించింది. అంతకుముందు సైనికులకి జోస్యం చెప్పి ధైర్యం నూరిపోసింది వాషిజూనే. అందుకే అడవి కదలగానే వాళ్ల బాణాలు అతని వైపే తిరుగుతాయి. వాషిజుగా నటించిన తొషిరో మిఫునే చుట్టూ గోడలో దిగబడినవి నిజం బాణాలే. ఆ కళ్లలో భయం చూసి తీరాలి.

2015లో దర్శకుడు జస్టిన్ కర్జెల్ తన సినిమాలో ఏకంగా అడవిని తగలబెట్టించాడు. బూడిదా నిప్పురవ్వలూ గాలిలో కొట్టుకొచ్చి కోట మీద పడతాయి, లోకమంతా ఎర్రబడిపోతుంది. 2021లో జోయెల్ కోయెన్ది నలుపు తెలుపుల సినిమా. నున్నటి గోడలు తప్ప ఏమీ లేని కోటలోకి కిటికీ తెరవగానే ఆకులు సుడులు తిరుగుతూ వచ్చి పడతాయి.

ఇక విశాల్ భరద్వాజ్ ‘మక్బూల్’, 2003. ముంబై మాఫియా కథలో అడవెక్కడిది? అందుకే సముద్రం! సముద్రం ఇంటికొచ్చేదాకా మక్బూల్‌కి ఢోకా లేదని జోస్యం. మక్బూల్‌గా ఇర్ఫాన్ ఖాన్, మన హైదరాబాద్‌లో పుట్టిన టబు ఆ ఇంట్లో కుప్పకూలిపోతుంటే గుండె పిండేసినట్టయింది.

పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి తట్టింది. ఎవడు దేన్ని నమ్ముకున్నాడో అక్కణ్ణుంచే చావు వస్తోంది. వాషిజు నమ్ముకున్నది తన సైన్యాన్ని, మక్బూల్ బతికింది సముద్రం మీద వచ్చే సరుకుతో. నాటకంలోని మాటని మార్చేసి కూడా దాని ప్రాణాన్ని ఇంత గట్టిగా పట్టుకోవచ్చా! ముందు కురొసావాది చూడండి, వెంటనే ‘మక్బూల్’ పెట్టుకోండి. ఒకదాని పక్కన ఒకటి ఉంటేనే రెండూ ఎంత గొప్పవో తెలుస్తుంది.