టెలిగ్రాం మాట, ఉత్తరం మాట

1970లలో మా కాపురం హైదరాబాదు నాంపల్లిలో, స్టేషనుకు దగ్గర. చెల్లెలు పుట్టిననాడు ఊళ్లో ఉన్న నాయనమ్మకు టెలిగ్రాం ఇవ్వడానికి నాయన నన్ను వెంటబెట్టుకొని ఆబిడ్స్ వెళ్లాడు. టెలిగ్రాంకు మాటల లెక్కన డబ్బు. ఫారం మీద రాసి, కొట్టేసి, మళ్లీ రాసి చివరికి మిగిల్చింది ఇంతే: ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ క్షేమం.

ఆ రాత్రి లాంతరు దగ్గర కూర్చొని ఇన్‌లాండ్ లెటరు నింపాడు. పిల్లకు ఎవరి ముక్కు వచ్చింది, జుట్టెంత ఉంది, అమ్మ ఏం తింటోంది. చోటు చాలక అంచుల మీద కూడా రాశాడు.

నాకు చదవడం వచ్చింది ఆ రెండు కాగితాలతోనే.

ఆదివారం ఆబిడ్స్ దుకాణాలు మూసి ఉంటే, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచేవాళ్లు. ఒకసారి నాయన సురవరం ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' బేరమాడి కొన్నాడు. 1949లో వచ్చిన పుస్తకం, తెలుగులో తొలి సాహిత్య అకాడెమీ బహుమతి 1955లో దానికే దక్కింది. ఆ వయసులో నాకది కొరుకుడు పడలేదు. నాయన కొన్ని పేజీలు చదివి వినిపించి, "ఇది నాయనమ్మకు టెలిగ్రాం కొట్టాలంటే ఏం రాస్తవు బిడ్డా?" అన్నాడు.

చాలాసేపు ఆలోచించి చెప్పాను: "చరిత్రంటే రాజులే కాదు, జనం కూడా."

"మంచిగ చెప్పినవ్. మరి నాయనమ్మ నమ్మేదెట్ల? ఇగ ఉత్తరం రాయి."

అప్పుడు మళ్లీ పేజీలు తిప్పాను. జనం తిన్న తిండి, కట్టిన బట్ట, ఆడిన ఆటలు, కోడిపందాలు. పాత కావ్యాల్లోంచి ప్రతాపరెడ్డిగారు ఏరి తెచ్చినవన్నీ ఆ ఒక్క మాటకు సాక్ష్యం చెప్పడానికే వచ్చాయని అప్పుడు తెలిసింది. అంతకుముందు అవి నాకు విడివిడి ముచ్చట్లు. అసలు మాట దొరికాక, ఏ ముచ్చట ఎందుకుందో కనిపించింది.

ఇప్పటికీ ఏది చదివినా ముందు టెలిగ్రాం రాసుకుంటాను, తర్వాత ఉత్తరం వెతుక్కుంటాను. ఉత్తరం దొరకని టెలిగ్రాంను, ఎంత గట్టిగా చెప్పినా, నమ్మను.

2013 జూలైలో దేశంలో టెలిగ్రాంలు ఆగిపోయాయి. నాయనమ్మ అంతకు చాలా ఏళ్ల ముందే పోయింది. ఆమె సందూకలో ఆ ఇన్‌లాండ్ లెటరు దొరికింది, మడతలు చిరిగేంతగా విప్పి విప్పి చదివించుకున్నది. దాని మడతలో, నలగకుండా, టెలిగ్రాం కాగితం ఉంది.