క్రేను మెడ

చెరకు సీజన్లో ఉయ్యూరు వైపు ఎప్పుడైనా వెళ్లారా? అక్కడ షుగర్ ఫ్యాక్టరీ ఉంది. చెరకు ఫ్యాక్టరీల్లో ట్రాక్టర్ల మీది లోడును పైకెత్తి దించేది క్రేను. అక్కడ పనిచేసేవాళ్లకు ఆ మాట వింటే ఇనుప యంత్రమే కళ్లముందు మెదులుతుంది. భోజనమయ్యాక వక్కపొడి వేసుకునేవాళ్లకేమో క్రేనంటే ఆ పేరుతో గుంటూరు నుంచి వచ్చే పొట్లం.

ఇంగ్లీషులో మాత్రం అది ముందుగా పక్షి పేరు. పొడుగు కాళ్లు, పొడుగు మెడ. మన సారసం ఆ జాతిదే. బరువులెత్తే యంత్రాన్ని చూడగానే జనానికి ఆ మెడే గుర్తొచ్చింది. పాత గ్రీకులు కూడా పక్షినీ యంత్రాన్నీ ‘గెరనోస్’ అనే పిలిచారు. మెడ సాచి తొంగిచూస్తే ఇంగ్లీషులో అదీ ‘క్రేన్’ చేయడమే. ఇక వంశావళి అనే అర్థంలో వాడే పెడిగ్రీ ఉంది చూశారూ, పాత ఫ్రెంచిలో దానర్థం ఈ పక్షి పాదం! వంశవృక్షంలో ఒకరి నుంచి చీలిన గీతలు వాళ్లకు ఆ పాదంలా కనిపించాయి.

బళ్లో క్రేన్ అంటే కొంగ అని చెప్పేస్తాం. కానీ మన పొలాల్లో దమ్ము చేస్తుంటే పురుగుల కోసం ట్రాక్టరు వెంటపడే తెల్లకొంగను ఇంగ్లీషులో ఎగ్రెట్ అంటారు. తేడా తెలియాలంటే ఎగిరేటప్పుడు చూడండి. క్రేన్ మెడ చాచి ఎగురుతుంది, ఎగ్రెట్ మెడ ముడుచుకుని ఎగురుతుంది.

పోలిక పట్టే ఈ చూపు మనకేం తక్కువ కాదు. పాతిళ్ల గోడలకు చొక్కా తగిలించే చిలక్కొయ్య ఉండేది. డెల్టా కాలువల్లో నీటికి అడ్డుపడే గుర్రపుడెక్క ఉంది. పిల్లలు వేసే పిల్లిమొగ్గలు ఉన్నాయి. చేతిలో పనీ కళ్లముందు జీవమూ ఉన్న మనుషులు పెట్టుకున్న పేర్లివి. అందుకే నాకు ఇవంటే అంత ప్రేమ.

కాబట్టి, పిల్లలకు మాట నేర్పేటప్పుడు అర్థం చెప్పి ఊరుకోకండి. ఏ జీవిని చూసి, దాని ఏ పోలికతో ఆ పేరు పెట్టారో వాళ్లనే ఊహించమనండి. పోలిక దొరికిన పిల్లలకు మాటను బట్టీ పట్టాల్సిన పనే ఉండదు, అది ఇంగ్లీషైనా తెలుగైనా.