గోరంట్ల దారులు - జీపు టైర్లు

హిందూపురం నుంచి కదిరికి పోయే బాటలో గోరంట్ల తగులుతుంది. చాలాకాలం అనంతపురం జిల్లాలో ఉన్న ఈ ఊరు 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. జిల్లా పేరు మారింది గాని వాన తీరు మారలేదు. ఏడాది మొత్తం మీద సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడితే ఈ సీమలో ఫరవాలేదనుకుంటారు. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదనే బరువు దించుకుని ఇక్కడికి వట్టి చేతులతో వస్తాయి. ఈశాన్యపు మేఘాలు కోస్తా దాటి ఇంత దూరం వచ్చేసరికి అలసిపోతాయి.

ఊరు చూడవచ్చినవారు విజయనగర కాలపు మాధవరాయస్వామి గుడికి వెళ్తారు. అటు పెనుగొండ కోట, ఇటు లేపాక్షి బసవన్న ఉండనే ఉన్నాయి. వాటిని గురించి పెద్దలు ఎంతో రాశారు. నేను రాయబోయేది ఈ ఊరి చుట్టూ ఉన్న నేలను గురించి, దాని మీద తిరిగే జీపు టైరును గురించి. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి టైర్లతో ఏం పని అని మీరు నవ్వవచ్చు. నవ్వండి, కాని చివరిదాకా చదవండి. పండుగ సెలవులకు పిల్లాపాపలతో పల్లె దారి పట్టే ప్రతి కుటుంబానికీ ఇందులో పనికివచ్చే సంగతి కొంత లేకపోలేదు.

గోరంట్ల ప్రాంతంలో జీపు తొక్కే నేల ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది తారు. పాలసముద్రం దగ్గర 44వ జాతీయ రహదారి నల్లగా నిగనిగలాడుతూ బెంగుళూరుకు పోతుంది. కస్టమ్స్, పరోక్ష పన్నుల అధికారులకు శిక్షణ ఇచ్చే జాతీయ సంస్థ 2024 జనవరిలో అక్కడే ప్రారంభమయింది. రెండవది ఎర్రటి గరుసు నేల. వేరుసెనగ చేల నడుమ నుంచి, గుట్టల పక్క నుంచి పోయే బండి బాటలన్నీ ఇదే. అక్కడక్కడ నల్లరాయి మొనలు దేలి ఉంటుంది. మూడవది ఇసుక. నంది కొండల వైపున పుట్టిన చిత్రావతి ఇటుగా వచ్చి, పుట్టపర్తి, ధర్మవరం మీదుగా సాగి పెన్నలో కలుస్తుంది. పేరుకు ఏరు గాని, ఎక్కువ నెలలు ఇందులో కనిపించేది ఇసుకే. దానిలో కలిసే వంకలకు లెక్క లేదు.

మా బావమరిదికి ఈ మూడు నేలలతోనూ రోజూ పని ఉంటుంది. తెల్లవారకముందే అయిదారు పల్లెలు తిరిగి పాలు పోగుచేస్తాడు. రెండు చోట్ల వంక దాటాలి. అందుకనే నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే పాత జీపు ఒకటి కొనుక్కున్నాడు. ఒక్క ఉదయం అది ఇసుకలో దిగబడిందంటే, ఎండ ఎక్కేసరికి క్యాన్లలో పాలు విరుగుతాయి. ఆ పాల డబ్బు కోసం కాచుకుని ఉన్న ఇళ్లు పాతికకు తక్కువ లేవు. పిల్లల బడి ఫీజులు, ముసలివాళ్ల మందులు అన్నీ ఆ డబ్బులోంచే. టైర్లు అరిగిపోయి కొత్తవి కొనవలసివచ్చినప్పుడు ఆయన నన్ను తోడు రమ్మన్నాడు.

"బావా, పిల్లోళ్లంతా జీపులకు లావు టైర్లు ఏస్తాండారు. పెద్దదైతే ఇసకలో దిగబడదంట" అన్నాడు దారిలో.

దుకాణంలో నన్ను ఆకర్షించింది టైరు పక్కన అచ్చువేసిన అక్షరాలు. పాత టైరు మీద 215/75 ఆర్ 15 అని ఉంది. చూడగానే ఇదొక సమాసమని తోచింది. సమాసం కనిపిస్తే విగ్రహవాక్యం చెప్పకుండా ఊరుకోవడం మా వృత్తిలో లేదు గదా! 215 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అంటే ఆ వెడల్పులో టైరు పక్క ఎత్తు నూటికి 75 వంతులని. ఆర్ అంటే రేడియల్. లోపలి దారాలు అంచు నుంచి అంచుకు అడ్డంగా తిన్నగా పోయే టైరు. 15 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాలలో. మిల్లీమీటర్లు, శాతాలు, అంగుళాలు ఒకే మాటలో ఇమిడిన దీన్ని మిశ్ర సమాసం అనక మరేమనాలి?

విగ్రహం చెప్పాక లెక్క సులువు. 215లో నూటికి 75 వంతులంటే 161 మిల్లీమీటర్ల చిల్లర. అది పైన ఒకటి, కింద ఒకటి. నడుమ 15 అంగుళాల రిమ్ము, అంటే 381 మిల్లీమీటర్లు. మొత్తం టైరు ఎత్తు 703న్నర. మా వాడు మనసు పడ్డ లావు టైరు మీద 31 x 10.5 ఆర్ 15 అని ఉంది. దీనిలో అన్నీ అంగుళాలే. 31 అంగుళాల ఎత్తంటే 787 మిల్లీమీటర్లు. పాతదాని కంటె నూటికి పన్నెండు వంతులు ఎక్కువన్నమాట.

దుకాణదారు పెద్దాయన. గల్లాపెట్టె దగ్గర నుంచి లేవకుండానే మా వాణ్ణి అడిగాడు: "ఏమప్పా, దీంట్లో పాల క్యాన్లు ఏసుకొని పోతావా, పెండ్లికొడుకును ఊరేగిస్తావా?"

"పాలే" అన్నాడు మా వాడు.

"అట్లయితే ఆ టైరు నీకొద్దు. చూసేదానికి బాగుంటాది, లాగేదానికి బాగుండదు."

లావు టైరు అమ్మితే లాభం ఎక్కువే. అయినా ఆయన వద్దన్నాడు. కారణాలు ఒక్కొక్కటే చెప్పాడు. చక్రం పెద్దదయితే జీపు పొట్ట నేలకు నాలుగు సెంటీమీటర్లు పైకి లేస్తుంది. రాళ్ల బాటలో అది లాభమే. కాని ఇంజను, గేర్లు పాతవే గనుక నేలను పట్టి లాగే బలం పదింట ఒక వంతు తగ్గుతుంది. నిండు క్యాన్లతో గుట్ట ఎక్కేటప్పుడు ఆ లోటు తెలిసివస్తుంది. బ్రేకుకు పని పెరుగుతుంది. స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు బాడీకి రాసుకోవచ్చు. మీటరు 50 చూపుతున్నప్పుడు బండి నిజానికి 56 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది.

నాకు కాడెద్దుల బండి గుర్తుకు వచ్చింది. ఎడ్ల మెడ ఎత్తుకు కాడి సరిపోకపోతే బండి ఎంత అందంగా ఉన్నా సాగదు. అంచేత వడ్రంగి ఎడ్లను చూడకుండా చక్రం చేయడు. జీపుకైనా అంతే. ఇంజను ఎద్దయితే టైరు చక్రం.

ఇక ఇసుక సంగతి. ఇసుకలో జీపును కాపాడేది లావుకంటె ముఖ్యంగా గాలి. టైరులో గాలి తగ్గిస్తే నేలకు ఆనే భాగం పొడుగవుతుంది, బరువు పరుచుకుంటుంది, చక్రం తవ్వుకుపోవడం మానుతుంది. ఒంటె పాదం ఇసుకలో పరుచుకున్నట్లే. 30 పౌండ్ల గాలితో దిగబడే జీపు 20 పౌండ్లతో మెల్లగా దాటిపోవచ్చు. అయితే అవతలి గట్టు ఎక్కగానే మళ్లీ నింపుకోవాలి. తక్కువ గాలితో తారు మీద వేగంగా పోతే టైరు వేడెక్కి పగులుతుంది. టైరు పక్క ఎత్తుగా ఉంటేనే ఈ ఉపాయం సాగుతుంది. పట్నంలో షోకుగా కనిపించే పెద్ద రిమ్ము, సన్నని పక్క ఉన్న టైరు ఇక్కడి రాళ్లకు తగదు.

గరుసు నేలకు మట్టి బాటకూ తారుకూ పనికివచ్చేట్లు గాడులు వేసిన రకం మేలు. దీన్ని ఏటీ అంటారు. బురదకోసం చేసిన ఎంటీ రకం టైరు తారు మీద హోరు పెడుతుంది. బురదే అరుదయిన ఈ సీమలో దానితో పని తక్కువ.

కొలతల తరువాత మరొక అంకె, ఒక అక్షరం ఉంటాయి. 100 ఎస్ అని ఉంటే ఒక్కొక్క టైరు 800 కిలోల దాకా మోస్తుందనీ, గంటకు 180 కిలోమీటర్ల వేగం దాకా ఓర్చుకుంటుందనీ అర్థం. బరువు మోసేవారు ఈ అంకెను విడిచిపెట్టరాదు.

పెద్దాయన చివర చెప్పిన మాట మరీ ముఖ్యం. "సార్, నాలుగూ ఒకటే కొలత ఉండాల. ఒకటి కొత్తది, ఒకటి అరిగింది ఏస్తే లోపల గేర్లు కొట్లాడుకుంటాయి." ఇటువంటి జీపులో ఫోర్ వీల్ వేసినప్పుడు ముందు ఇరుసు, వెనక ఇరుసు ఒకే లెక్కన తిరగాలి. చక్రాల ఎత్తు వేరయితే ఒకటి ముందుకు లాగుతుంది, రెండవది వెనక్కు పట్టుతుంది. ఇసుకలో చక్రం కొంచెం జారి ఆ తగాదా తీరుతుంది. గట్టి తారు మీద జారదు, గేర్లు అరుగుతాయి. అందుకే పొడి తారు మీద ఫోర్ వీల్ వేయరు.

మా వాడు కాసేపు లావు టైరు వైపు చూశాడు. తరువాత జీపు తలుపు పక్కన కంపెనీవారు అంటించిన కాగితం చదివాడు. అందులో ఉన్న కొలతలోనే ఏటీ రకం అయిదు టైర్లు తీసుకున్నాడు, అయిదవది స్టెప్నీకి. మిగిలిన డబ్బుతో గాలి కొలిచే మీటరు, బ్యాటరీతో నడిచే చిన్న పంపు కొన్నాడు.

ఎంత మంచి టైరుకైనా ఒక హద్దుంది. 2021 నవంబరులో ఈ చిత్రావతికే వరద వచ్చింది. దిగువన చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర ఒక కారు నీటిలో చిక్కుకుంది. వారిని కాపాడబోయిన జేసీబీ కూడా చిక్కుబడింది. దాని వెనక చక్రాల ముందు మన జీపు టైరు బొమ్మలాంటిది. చివరకు వైమానిక దళం హెలికాప్టరు వచ్చి పదిమందిని పైకి తీసింది. నీరు బండిని పైకి తేల్చడం మొదలుపెడితే టైరుకు నేల దొరకదు. నేల దొరకని టైరు ఏ కొలతదయితేనేం?

కనుక ఈ వైపు రాదలచినవారు బయలుదేరే ముందు తలుపు పక్కన కాగితం చదవండి, స్టెప్నీలో గాలి చూడండి. ఎండిన వంక దగ్గర దిగి, అటు ఇటు నడిచి, ఇసుక ఎంత మెత్తగా ఉందో కాలితో చూసుకోండి. వంకలో నీరు పారుతూ ఉంటే గట్టు మీద ఆగిపోండి. ఇక్కడి వంకలు వచ్చినంత తొందరగానే పోతాయి. ఏ చెట్టు నీడనో పులిహోర పొట్లాలు విప్పుకుని నాలుగు గంటలు కూర్చున్నా, రాత్రి భోజనానికి చుట్టాలింటికి చేరవచ్చు.